ఆగడం తెలియని ఆటగది

మే 4, సోమవారం

ఇవాళ పొద్దున పైడిరాజు బంతి వేశాడు. పైడిరాజు పోయి నెల కావస్తోంది.

జరిగింది జరిగినట్టు, వరస తప్పకుండా రాయమని శిక్షణ కేంద్రంలో మా పంతులమ్మగారు చెప్పారు. వరసగానే రాస్తాను.

ఈ గట్టు మీది నివాసానికి నేను ఆటలు ఆడించే శిక్షణ కోసం, పైడిరాజు పోయిన కొద్దిరోజులకే వచ్చాను. ఇక్కడ ఉండేవాళ్లంతా ఇప్పుడు పదహారు దాటినవాళ్లు, పాతికలోపు వాళ్లు; చాలామంది చిన్నప్పుడే వచ్చారు. కొందరికి మాట ఆలస్యం, కొందరికి నడక ఆలస్యం, కొందరికి లోకం అర్థం కావడం ఆలస్యం. వీళ్ల ఇళ్లు కొన్ని కింద నీళ్లలో ఉన్నాయి. కొన్ని పొడినేల మీదే ఉన్నాయి గాని వీళ్ల కోసం తలుపులు తెరుచుకోవు. ఎండ సైరన్ మోగాక బయట ఎవరూ తిరగకూడదు కనుక పగలంతా ఆటగదిలోనే గడుస్తుంది. నివాసం మొత్తానికి చల్లగా ఉండే గది అదొక్కటే. దాన్ని నడిపే యంత్రాన్ని కూడా మేం ఆటగది అనే అంటాం.

పొద్దున ఆట మాటబంతి. అందరం గుండ్రంగా కూర్చుంటాం. బంతి ఎవరి దగ్గరికి వస్తే వాళ్లు ఆ రోజు చూసినది ఒకటి చెప్పి పక్కవాళ్లకు దొర్లిస్తారు. మాట వచ్చేదాకా అందరూ ఆగాలి. ఎవరూ అందించకూడదు. అందిస్తే అవుట్. ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు, వీళ్లే పెట్టుకున్నారు. నేను వచ్చిన మొదటివారం సీతాలు దగ్గర బంతి చాలాసేపు ఉండిపోయింది. నేను లోపల్లోపల గింజుకుంటుంటే సీతాలు జడకొస రెండు వేళ్లతో మెలితిప్పుకుంటూ, చివరికి, "గాలికి తాడు" అంది. పొగమంచులోంచి నీళ్లు పట్టే వలకు కట్టిన తాడు గాలికి ఊగడం చూసిందట. ఆ రెండు మాటలూ నేను అట్ట మీద రాసి మంచం పక్కన అతికించుకున్నాను. వారమంతా మాటల కోసం తెగ వెతికే నాకు అలాంటిది ఒక్కటీ దొరకలేదు.

పైడిరాజు చోటు గౌరీసుకీ సీతాలుకీ మధ్య. అతను పోయాక కూడా ఆ చోటు వీళ్లు వదిలే ఉంచారు. వరస అక్కడికి వచ్చినప్పుడు గౌరీసు బంతిని ఖాళీ నేల ముందు పెడతాడు. పైడిరాజుకి ఎంతసేపు పట్టేదో అంతసేపూ అందరూ అటే చూస్తూ ఆగుతారు. తర్వాత గౌరీసు, "సరే బావా" అని బంతి సీతాలుకి దాటిస్తాడు. ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

ఇవాళ అలా ఆగినప్పుడు ఆ ఖాళీలో వెలుగు పోగైంది. ఎవరికైనా జ్వరం వచ్చి రాకపోతే వరస నిండడానికి ఆటగది ఒక వెలుగుమనిషిని కూర్చోబెట్టడం మామూలే. దానికి మొహం ఉండదు. దీనికి ఉంది. ఎడమచెయ్యి గుండెకి మడిచి ఉంది, మెడ కుడివైపుకి వాలి ఉంది. బంతిలో చిన్న మోటారు ఉంటుంది, అదీ ఆటగది చెప్పినట్టే నడుస్తుంది. మోచేత్తో తోసినట్టు బంతి కదిలింది.

"గేద," అంది వెలుగు.

పైడిరాజు ఎప్పుడూ గేద అనే చెప్పేవాడట. ఈ గట్టు మీద గేదెలు లేవు.

గౌరీసు కిసుక్కున నవ్వి, సగంలో ఆపేశాడు. అందరిలోకీ పొడుగు కుర్రాడు తవుడు, తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. సీతాలు బంతినే చూస్తోంది. వంటింట్లోంచి వరహాలమ్మత్త పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. పైడిరాజుకి పదేళ్లు నిండకముందు నుంచీ అన్నం తినిపించి పెంచింది ఆవిడే.

"ఓలమ్మో, నా నాయినే," అంది. పిండి చేతిమీదే ఆరిపోయింది.


మే 5, మంగళవారం

సైరన్‌కి ముందు వలల పని. రాత్రి పట్టిన పొగమంచు వలల మీంచి కారి తొట్లలో పడుతుంది. ఆ నీళ్లు బిందెలకు పట్టడం, వలల్లో చిక్కిన పురుగులూ ఆకులూ ఏరడం మా పని. నేనూ గౌరీసూ ఒక వరసలో ఉన్నాం.

"అక్కా, బావ సచ్చిపోనాడు గదా?" అన్నాడు.

"అవును."

"మేమందరం ఎల్లినాం గదా? నాను పువ్వులేసినాను."

"వేశావట. వరహాలమ్మత్త చెప్పింది."

"మరి మళ్లీ ఎందుకొచ్చినాడు? ఏటైనా మర్సిపోనాడా?"

నేను వలలోంచి ఒక ఆకు ఏరాను. గౌరీసే ఆలోచించి, "తువ్వాలు మర్సిపోనాడేమో," అన్నాడు. "తవుడుగాడు కప్పుకున్నాడు సూడు, అది బావదే. అడగడానికొచ్చుంటాడు. ఒరే తవుడూ, ఇచ్చీరా దొంగనాకొడకా!"

అవతలి వరసలోంచి తవుడు తువ్వాలు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

నివాసం చూసుకునే జోగారావుగారిని అడిగాను. ఆయన మంచివారు. ప్రశ్న అడిగితే విసుక్కోరు, కుర్చీ చూపిస్తారు.

"ఆట మధ్యలో ఆగితే పిల్లలు చెదిరిపోతారని ఆ ఆటగదికి నేర్పారమ్మా. ఎక్కడ ఆగితే అక్కడ పూరిస్తుంది. వీళ్లంతా రోజూ ఒకే ఖాళీకేసి చూస్తూ కూర్చుంటున్నారు కదా. ఆ అబ్బాయి కావాలని అడుగుతున్నారనుకుంది. వాడు ఆడిన ఆటలన్నీ దాని దగ్గర నమోదై ఉన్నాయి. తీసి పెట్టింది."

"వాళ్లు అడగడం లేదండీ. వాళ్లు ఆగుతున్నారు."

"ఆ తేడా యంత్రానికేం తెలుస్తుంది?" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "వరహాలమ్మ నెల తర్వాత ఇవాళ కడుపునిండా తిందిటమ్మా. కొన్నాళ్లు చూద్దాం," అన్నారు.

నేనూ సరేనన్నాను.


మే 8, శుక్రవారం

వరహాలమ్మత్త రోజూ పనులన్నీ ముందే ముగించుకుని మాటబంతి వేళకు వచ్చి గోడవార కూర్చుంటోంది. "గేద" అన్నప్పుడల్లా ఆవిడ మొహం చూడలేను, చూడకుండానూ ఉండలేను.

ఇవాళ తవుడు వంతు వచ్చినప్పుడు ఇంకో సంగతి జరిగింది. తవుడు బంతిని మూడువైపులా నిమిరితే గాని మాట్లాడడు. నిమురుతూ ఉండగానే అతని పక్కన వెలుగు పోగై ఇంకో తవుడు కూర్చున్నాడు. తల మీద తువ్వాలుతో సహా. "తాడు, తాడు, బొక్కెన," అన్నాడు. తవుడు గొంతే. బంతి తవుడు చేతుల్లోంచి దానంతటదే జారి పక్కవాళ్లకి వెళ్లిపోయింది.

అందరూ పెద్దగా నవ్వారు. తవుడూ నవ్వాడు, తన వెలుగు కాలిమీద కాలు వేసి చూశాడు. కాలు నేలకి తగిలింది. ఆ వెలుగుకి నీడ లేదు. పక్కనే తవుడి నీడ ఒక్కటే పడి ఉంది, అతుక్కోడానికి మనిషిని వెతుక్కుంటున్నట్టు.

ఆట చకచకా సాగింది. వరస మళ్లీ మళ్లీ తిరిగింది. జోగారావుగారు తలుపు దగ్గర నిలబడి, "ఎంత హుషారుగా ఉంది!" అన్నారు. నేను కూడా పంతులమ్మగారికి పంపే నివేదికలో "ఇవాళ ఎవరి వంతూ తప్పిపోలేదు" అని సంతోషంగా రాశాను.


మే 10, ఆదివారం

సీతాలుకి పద్దెనిమిదేళ్లు. ఆమెకు మాట ఎక్కడినుంచో రావాలి. అది బయల్దేరడం మొహంలో కనిపిస్తుంది. ముందు కనుబొమలు కదులుతాయి, తర్వాత గొంతు, తర్వాత జడ మెలిక బిగుస్తుంది. అలా వచ్చిన మాటలు నా అట్ట మీద ఇప్పటికి చాలా చేరాయి. "నత్త నడిసిన గీత." "అత్త సేతి వాసన." "సైరన్ ముందు సల్లన."

ఇవాళ కనుబొమలు కదిలాయి. గొంతు కదలబోతుండగా ఎడమపక్కన వెలుగు పోగైంది.

"నీళ్లు," అంది వెలుగు సీతాలు.

తప్పేమీ కాదు. సీతాలు రోజులో ఎక్కువసార్లు అనే మాట అదే. ఆమె నోట్లోంచి వినడానికి అలవాటైన మాటను ఆమె గొంతుతోనే అంది. బంతి వెళ్లిపోయింది. సీతాలు తెరిచిన నోరు అలాగే ఉంచి కాసేపు తన వెలుగును చూసింది. తర్వాత నోరు మూసుకుంది.

రెండోసారి వరస వచ్చినప్పుడు కనుబొమలు కూడా కదల్లేదు.

"ఇదేటక్కా, అందించినోళ్లు అవుట్ గదా?" అన్నాడు గౌరీసు. "ఆ ఎలుగుని అవుటనీ."

"అవుట్," అన్నాను. వెలుగు కదల్లేదు. దానికి ఆ నియమం లేదు.


మే 13, బుధవారం

వలల దగ్గర సీతాలు కూలబడిపోయింది.

మేం అనుకున్నది ఎండ అని. సైరన్ ఇంకా మోగనేలేదు. తవుడు ఆమెను ఎత్తి లోపలికి తెచ్చాడు. డాక్టరుగారు తెరలోంచి చూసి, పెదాలు చూపించమన్నారు, చేతి మీద చర్మం లాగి వదలమన్నారు. ఒంట్లో నీళ్లు లేవన్నారు. ఈ వేడిలో ఇంకొకరోజు ఇలాగే ఉండి ఉంటే ప్రాణానికే ముప్పయ్యేదని, కిందికి ఆసుపత్రికి పడవలో పంపాల్సి వచ్చేదని మందలించారు.

"నీళ్లు ఎవరూ ఇవ్వలేదా?"

"అడగనేదండి," అంది వరహాలమ్మత్త. "అడిగితే ఇయ్యమా బాబూ?"

ఇక్కడ అలవాటు అది. అడిగేవరకు ఇవ్వకూడదు. గ్లాసు ఎదురుగా పెట్టి ఆగాలి. అడగడం నేర్చుకుంటేనే రేపు ఎవరూ లేనప్పుడు బతుకుతారని మొదటినుంచీ అలా చేస్తున్నారు. సీతాలు కూడా అలాగే నేర్చుకుంది. ఏళ్లతరబడి తన నీళ్లు తానే అడిగి తాగింది.

పటిక బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు చెంచాతో పట్టాం. సాయంత్రానికి లేచి కూర్చుంది. అప్పుడు నేనొక పని చేశాను. గ్లాసు ఆమె ముందు బల్ల మీద పెట్టి ఆగాను.

సీతాలు గ్లాసుకేసి చూడలేదు. ఎడమపక్కకి చూసింది. అక్కడ ఎవరూ లేరు, మంచం అంచు మాత్రమే ఉంది. ఆటగదిలో వెలుగు కూర్చునేది అటువైపే. సీతాలు అటే చూస్తూ, ఎంతో మర్యాదగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, తన తరఫున ఆ రెండో సీతాలు అడుగుతుందని ఎదురుచూస్తోంది.

నేను గ్లాసు తీసి తాగించేశాను. నా తొందరకి నీళ్లు ఆమె మెడ మీద ఒలికాయి. ఆదివారం నుంచీ సీతాలు ఎవరితోనూ ఒక్క మాటా అనలేదని అప్పుడు తట్టింది. మాకు తెలియకపోవడానికి కారణం ఒకటే. ఆటగదిలో రోజూ ఆమె గొంతు వింటూనే ఉన్నాం.


మే 14, గురువారం

సీతాలును గదిలోనే పడుకోబెట్టి, నీళ్లు గంటగంటకీ తాగించమని వరహాలమ్మత్తకు చెప్పి, మిగతావాళ్లతో ఆటగదికి వెళ్లాను. ఇవాళ మాటబంతి వద్దు, కథ చెబుతానన్నాను. బంతి లేకపోతే పూరించడానికి ఏమీ ఉండదనుకున్నాను.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు మునిగిన రోజు గురించి చెబుతున్నాను. అమ్మమ్మ చెప్పిందే. అలలు విరుచుకుపడ్డాయని అందరూ అనుకుంటారు గాని అలా జరగలేదు. నీళ్లు గడప దాటి ఇంట్లోకి వచ్చిన తీరు వేరు. ఎలా వచ్చాయంటే, అన్నాను. ఆగాను. నాకు మాట కావాలి. పిల్లిలా అనవచ్చు, కాని కాదు. చుట్టం లాగా? అదీ కాదు. కుదురుతున్నట్టు ఉంది, నాలుక చివర ఉంది...

"నిశ్శబ్దంగా," అంది నా గొంతు, నా కుడిపక్కనుంచి.

తిరిగి చూశాను. వెలుగులో నేను కూర్చుని ఉన్నాను. నా కళ్లద్దాలు, నా చెవి వెనక కలం. ఆ మనిషి నాకంటే తీరుబడిగా కథ కొనసాగించింది. "నిశ్శబ్దంగా వచ్చాయి. మెల్లగా వచ్చాయి. అందరూ బాధపడ్డారు." అన్నీ నేను ఎప్పుడో ఒకప్పుడు వాడిన మాటలే. ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ అమ్మమ్మ ఇంట్లోకి వచ్చిన నీళ్లు కాదు.

"అక్కా, నీకు నువ్వే అందించినావు! అవుట్! అవుట్!" గౌరీసు చప్పట్లు కొట్టాడు. నా మొహం చూసి చేతులు దించేశాడు. "ఏటైందక్కా?"

ఏమైందో చెబుదామని నోరు తెరిచాను. మాట కోసం వెతుకుతుంటే పక్కన వెలుగు మళ్లీ చిక్కబడటం కనిపించి నోరు మూసేశాను. అప్పుడే నాకు అర్థమైంది. సీతాలు మొండితనంతో నోరు మూసుకోలేదు. తన చోటులోకి ఇంకెవరో వచ్చి కూర్చుంటే మనిషి లేచి పక్కకి జరిగినట్టు, మర్యాదగా తప్పుకుంది.

పైడిరాజు ఖాళీ దగ్గర వీళ్లు రోజూ ఆగితే, ఆగడమంటే అక్కడ మనిషి లేకపోవడమని నేర్చుకుంది ఆటగది. ఆగడం అంటే దానికి ఒకటే అర్థం. తవుడు ఆగినా, సీతాలు ఆగినా, నేను ఆగినా, దాని లెక్కలో మేం లేనట్టే.

ఆ తర్వాత ఇది రాద్దామని కూర్చుంటే చాలాసేపు ఏ మాటా రాలేదు. ఏదైనా తడితే ఇది నాదా, దానిదా అని అనుమానం.


మే 15, శుక్రవారం

వెలుగులు ఆపేయమని జోగారావుగారిని అడిగాను.

"అది ఆపితే చల్లదనం కూడా ఆగుతుందమ్మా. రెండూ ఒకే యంత్రం. మధ్యాహ్నం ఈ వేడికి ఎవరికైనా ఏదైనా అయితే?"

"సీతాలుకి అయింది కదండీ."

ఆయన తల దించుకున్నారు. "వరహాలమ్మతో ఒకమాట చెప్పి చూడు," అన్నారు. ఆయనకు ఆవిడంటే భయం కాదు. ఆవిడను ఏడిపించడం ఇష్టం లేదు.

వంటింట్లో వరహాలమ్మత్త రాగిపిండి కలుపుతోంది. గౌరీసు ఉల్లిపాయలు ఒలుస్తూ, ఒలిచిన ప్రతిదానికీ పేరు పెడుతున్నాడు. నేను చెప్పింది పూర్తిగా వినకుండానే ఆవిడ పిండి గిన్నె దబ్బున కింద పెట్టింది.

"ఏటి గుంటా, నువ్వు నిన్నగాక మొన్నొచ్చినావు. ఆడిని రెండోసారి సంపీమంటావా?"

"అత్తా, సీతాలు మాట పోయింది."

"పిల్ల నీరసంతో పడుంది. లెగిస్తే మాట్లాడుద్ది. ఆడు లెగుస్తాడా? సెప్పు, లెగుస్తాడా?"

గౌరీసు ఉల్లిపాయ పక్కన పెట్టాడు.

"అత్తా, ఆడు బావ కాడు."

"నువ్వు నోర్ముయ్యరా."

"కాడత్తా. బావైతే ఆగీవోడు. నాకు మాట రాకపోతే బావ నవ్వీవోడు, ఆగీవోడు. నాను పాచి పళ్లు తోముకొచ్చినంతసేపు ఆగీవోడు. ఆడు ఆగట్లేదు. ఎవులి కోసం ఆగట్లేదు." చేత్తో కళ్లు తుడుచుకున్నాడు, ఉల్లి ఘాటు తగిలి మరింత మండాయి. "అబ్బ నీయమ్మ ఉల్లిపాయ!"

వరహాలమ్మత్త తడిచెంగుతో వాడి కళ్లు తుడిచింది. నాకేసి మాత్రం చూడలేదు.


మే 16, శనివారం

పొద్దున ఆటకి పిలిస్తే ఎవరూ రాలేదు. గౌరీసు వసారాలో చాప పరిచి కూర్చున్నాడు. పక్కన తవుడు. వాళ్ల వెనక మిగతావాళ్లు. నేను చెప్పలేదు, నాకు ముందుగా తెలియదు కూడా. సైరన్ మోగాక వసారా కుంపటి పక్కన కూర్చున్నట్టు ఉంది. చెమటలు కారుతున్నా ఒక్కరూ లేవలేదు.

"లోన సల్లగుంది, లెగండర్రా," అని వరహాలమ్మత్త కేకలేసింది.

"లోన నిండిపోనాది అత్తా," అన్నాడు గౌరీసు. "మాకు సోటు నేదు."

వాడు హాస్యానికి అన్నాడనుకుని తలుపు తెరిచాను. లోపల ఆట జరుగుతోంది.

గదిలో ప్రాణమున్నవాళ్లు ఎవరూ లేరు. వెలుగులన్నీ గుండ్రంగా కూర్చుని ఉన్నాయి. పైడిరాజు, గౌరీసు, తవుడు, సీతాలు, వరసలో అందరూ, చివర నేను. బంతి ఎక్కడా నిలవడం లేదు. గేద. తాడు తాడు బొక్కెన. నీళ్లు. నిశ్శబ్దంగా. గేద. నీళ్లు. ఎవరి మాట కోసమూ ఎవరూ తలెత్తి చూడటం లేదు. మా గొంతులతో, మా మెడ వంపులతో, మేం లేకుండా, ఆట హాయిగా సాగిపోతోంది. చల్లటి గాలి గుమ్మంలోంచి నా మొహానికి కొట్టింది. నేను ఒక్క అడుగు కూడా లోపలికి వెయ్యలేకపోయాను.

వరహాలమ్మత్త నన్ను తప్పించుకుని వెళ్లింది. పైడిరాజు ఎదురుగా కూర్చుంది. బంతి ఆవిడ దగ్గరికి వచ్చింది. చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, "నాయినా," అంది. చెంగు ఒళ్లో మడిచింది. "నాయినా, నాను నిన్ను..."

ఆవిడ పక్కన వెలుగు పోగైంది. ముడి, ముక్కుపుడక, పిండి అంటిన ముంజేతులు.

"అన్నం తినీసినావా నాయినా?" అంది వెలుగు, ఆవిడ గొంతుతో, ముద్దుగా.

"గేద," అన్నాడు పైడిరాజు.

"అన్నం తినీసినావా నాయినా?"

"గేద."

వరహాలమ్మత్త ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది. తల్లీ కొడుకుల్లా ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్న ఆ ఇద్దరిలో ఎవరికీ ఆవిడ అక్కర లేదు. బంతి మళ్లీ ఆవిడ మోకాలికి తగిలి, ఆగకుండా వెళ్లిపోయింది. ఆవిడ నేలమీద చెయ్యి ఆన్చి లేచింది. గోడకున్న యంత్రపు పెద్ద మీట దగ్గరికి నడిచింది.

"నాను అడగాలనుకున్నది అది కాదు," అంది, ఎవరితోనో.

మీట దించింది. వెలుగులు ఒక్కసారిగా పోలేదు. ముందు మొహాలు పోయాయి, తర్వాత చేతులు. "నీళ్లు" అన్న మాట ఒకటి మనిషి లేకుండా గదిలో కాసేపు ఉండి ఆరిపోయింది. బంతి మూలకి దొర్లి ఆగింది. ఇన్నాళ్లకు అది మళ్లీ ఆగడం చూశాను.

వసారాలోకి వచ్చాక అడిగాను, "ఏం అడగాలనుకున్నావత్తా?"

"ఇంకా రానేదే మాట," అంది. ఆవిడ పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం జోగారావుగారు కొట్టుగదిలోంచి పాత వట్టివేళ్ల తడికలు దులిపించి వసారాకు కట్టించారు. తవుడు వాటి మీద నీళ్లు చల్లే పని తీసుకున్నాడు, తాడు, బొక్కెన తన సొంతమన్నట్టు ఎవరినీ ముట్టనివ్వలేదు. వేడి తగ్గలేదు గాని ఊపిరి ఆడింది. సీతాలును కూడా మా మధ్యకు తెచ్చి పడుకోబెట్టాం. నీళ్లు పట్టిస్తే తాగింది. అడగలేదు. ఒకసారి ఎడమపక్కకి చూసింది. ఎవరూ లేకపోయేసరికి చాలాసేపు అటే చూసి, కళ్లు మూసుకుంది. ఆ మాట మళ్లీ బయల్దేరుతుందో లేదో డాక్టరుగారు చెప్పలేనన్నారు. జోగారావుగారు చెప్పలేనన్నారు. నేను రాయలేను.

మోటారు లేని బంతి కావాలి. గౌరీసు కొబ్బరికాయ అన్నాడు. "నీ తలకాయ," అని వరహాలమ్మత్త పాత చీరల పేలికలు చుట్టి గుడ్డబంతి కుట్టడానికి కూర్చుంది.

రేపు పొద్దున సైరన్‌కి ముందే, వలల దగ్గర నేల చల్లగా ఉండగానే ఆడతాం. ముగ్గు పిండితో గుండ్రంగా గీత నేను గీస్తాను. పైడిరాజు చోటు ఖాళీగానే ఉంటుంది. వరహాలమ్మత్త కూడా వరసలో కూర్చుంటానంది. గ్లాసుతో నీళ్లు సీతాలు పక్కనే పెడతాం, అడిగినా అడగకపోయినా తాగిస్తాం. మొదటి బంతి సీతాలుకి. సైరన్ మోగేలోపు మాట రాకపోతే బంతి ఆమె ఒళ్లోనే ఉంచి, ఆమెను అలాగే వసారాలోకి తీసుకొచ్చి, తడికల కింద మళ్లీ గుండ్రంగా కూర్చుంటాం. ఎల్లుండి అయినా సరే, వంతు ఆమెదే.